కణంలో ప్రొటీన్ల దారి, వైరస్‌ల దొంగదారి: ఒక్క చార్టు మీద గీసుకోవడం ఎలా

విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇంటి వరండాలో ఎమ్మెస్సీ పిల్లలకి సెల్ బయాలజీ చెబుతుంటాను. రెండేళ్ల క్రితం గాజువాక నుంచి వచ్చే ఒకమ్మాయి పెన్ను మూసేసి అడిగింది: "మేడమ్, సీడీ4 అనే ప్రొటీను తెల్లరక్తకణం పైపొర మీద బయటికి ఉంటుందన్నారు. హెచ్‌ఐవీ తయారుచేసే నెఫ్ ప్రొటీను కణం లోపల ఉంటుందన్నారు. లోపలున్నది బయటున్నదాన్ని ఎలా పట్టుకుంటుంది?" ఈ సందేహం రాకుండానే బట్టీ పట్టి పాసైపోయిన బ్యాచ్‌లు నా దగ్గర చాలా ఉన్నాయి. ఆ రోజు నుంచి ఈ పాఠాన్ని పేర్లతో మొదలుపెట్టడం మానేశాను. మీరు ఇంట్లో చదువుకుంటున్నా ఇలాగే చేయండి.

ఒక తెల్ల చార్టు, ఎరుపు, నీలం కలర్ పెన్సిళ్లు, కుట్లు విప్పేసినా ఫరవాలేని పాత దిండు గలీబు, అరడజను గుండుసూదులు దగ్గర పెట్టుకోండి. స్కెచ్ పెన్నులు వద్దు. మన ఊరి సముద్రపు గాలికి చార్టు మెత్తబడి ఇంకు పాకిపోతుంది.

ముందు గలీబు. లోపలి వైపు నుంచి సూదులు గుచ్చండి. గుండు లోపల ఉండాలి, మొన బయటికి రావాలి. ఒక్కో సూది పొరలో గుచ్చుకున్న ఒక్కో ప్రొటీను: గుండు దాని తల, మొన దాని తోక. ఈ గలీబే వెసికిల్, అంటే కణంలో సరుకు మోసే చిన్న సంచి. మీరు కూర్చున్న గది సైటోసాల్, అంటే కణం లోపలి ద్రవం. ఇప్పుడు కుట్లు విప్పి, లోపలి వైపు పైకి వచ్చేలా మంచం మీద పరవండి. గుండ్లన్నీ పైకి చూస్తాయి, మొనలన్నీ పరుపు వైపు ఉంటాయి. వెసికిల్ వెళ్లి కణం పైపొరతో కలిసిపోయినప్పుడు జరిగేది ఇదే. సంచి లోపల దాగిన తల కణం బయటికి వచ్చింది. తోక మాత్రం మొదటి నుంచి చివరిదాకా సైటోసాల్ వైపే ఉంది. తొందరపడకండి, ఇది చేతికి అందేదాకా రెండు మూడుసార్లు చేయండి. మిగతా పాఠమంతా దీని మీదే నిలబడుతుంది.

తర్వాత చార్టు. కింద ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ (ఈఆర్, ఇలాంటి ప్రొటీన్ల దారి మొదలయ్యే అర), మధ్యలో గాల్జీ (వాటిని సర్ది పంపే అర), పైన కణం పైపొర, వాటి మధ్య వెసికిళ్లు గీయండి. సైటోసాల్ అంతా నీలంతో పలచగా రుద్దండి. ఈఆర్ లోపల, గాల్జీ లోపల, వెసికిళ్ల లోపల, కణం బయట తెల్లగా వదిలేయండి. ప్రొటీను ఎక్కడ గీసినా దాని తోకని ఎర్రగా వేయండి. ఎరుపు ఎప్పుడూ నీలంలోనే పడాలి. తెలుపులో పడిందంటే ఎక్కడో తిరగేశారని అర్థం. చెరిపేసి ఈఆర్ నుంచి మళ్లీ రండి.

ప్రొటీను ఈఆర్‌లోకి ఎలా చేరుతుందో ఇక్కడ క్లుప్తంగా చాలు: కొత్త ప్రొటీను మొదట్లో ఉండే సిగ్నల్ పెప్టైడ్ అనే చిన్న ముక్కే దాన్ని అక్కడికి తీసుకెళ్తుంది. ఇది చూపించినందుకే గుంటర్ బ్లోబెల్‌కి 1999లో నోబెల్ వచ్చింది.

అక్కణ్ణుంచి ఎటు పోవాలన్నది చాలాసార్లు తోక మీదే రాసి ఉంటుంది. చివరి నుంచి లెక్కపెడితే మూడు, నాలుగు స్థానాల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం (ప్రొటీను గొలుసులో ఒక పూస) ఉంటే కాప్-1 అనే తొడుగు దాన్ని మళ్లీ ఈఆర్‌కి లాక్కొస్తుంది. టైరోసిన్, లూసిన్ కూడా అలాంటి పూసలే. టైరోసిన్‌తోనో జంట లూసిన్‌లతోనో ఉండే గుర్తులని అడాప్టర్లు అనే జోడింపు ప్రొటీన్లు చదివి, క్లాత్రిన్ ప్రొటీను తొడిగిన పొర గుంటల్లోకి చేరుస్తాయి. గాల్జీ దగ్గర ఏపీ-1, పైపొర దగ్గర ఏపీ-2. (మన రాష్ట్రం పేరు కాబట్టి ఇవి ఎవరూ మర్చిపోరు.) ఒక్క పూస విలువ ఎంతో చూడండి: రక్తంలోని కొలెస్టరాల్‌ని కణంలోకి తెచ్చే ఎల్‌డీఎల్ రిసెప్టర్ తోకలో ఒకే ఒక్క టైరోసిన్ సిస్టీన్‌గా మారిన రోగిలో రిసెప్టర్ కొలెస్టరాల్‌ని పట్టుకుంది గానీ, గుంటలోకి చేరలేక పైపొర మీదే ఉండిపోయింది. బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌ల బృందం చూపించిన విషయం ఇది.

ఇప్పుడు వైరస్‌లని అదే చార్టు మీద గీయండి. వేరే కాగితం తీయకండి, ఎందుకంటే వాటికి సొంత దారులేవీ లేవు.

అడెనోవైరస్ ఈ3-19కే ప్రొటీను తల ఈఆర్ లోపలి తెలుపులో ఎంహెచ్‌సీ-1ని, అంటే వైరస్ ముక్కలని పైపొర మీద చూపించే మన ప్రొటీనుని పట్టుకుంటుంది. దాని తోక చివర పైన చెప్పిన లైసిన్ గుర్తే ఉంటుంది. దాంతో రెండూ ఈఆర్‌లోనే ఉండిపోతాయి, రోగనిరోధక టీ కణాలకి వైరస్ ఆచూకీ దొరకదు.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. నెఫ్‌ని నీలంలో, పైపొరకి లోపలి వైపు ఆనించి గీయండి. దాని చివర అతుక్కున్న కొవ్వు ఆమ్లం అక్కడ పట్టు ఇస్తుంది. సీడీ4 ఎర్ర తోక ఎక్కడుంది? నీలంలోనే, నెఫ్ పక్కనే. నెఫ్ ఒక వైపు ఆ తోకని, ఇంకో వైపు ఏపీ-2ని పట్టుకుంటుంది. సీడీ4 గుంటలోకి జారి, లైసోజోమ్ అనే అరుగుదల సంచికి పోయి ముక్కలైపోతుంది. చార్టు మీద ఇది గీసుకున్నాక ఆ అమ్మాయి "తల వైపు వెతుకుతున్నా మేడమ్, ఇన్నాళ్లూ" అంది.

కోవిడ్ వైరస్ పైనుండే స్పైక్ ప్రొటీనులో 1273 అమైనో ఆమ్లాలుంటాయి. చివరి అయిదూ లైసిన్, లూసిన్, హిస్టిడిన్, టైరోసిన్, థ్రియోనిన్. ఇది కాస్త బలహీనమైన వెనక్కి-రప్పించే గుర్తు. కొత్త వైరస్ మొగ్గ తొడిగేది ఈఆర్‌కీ గాల్జీకీ మధ్యలో కాబట్టి స్పైక్ ఆ చుట్టుపక్కల దొరకాలి. గుర్తు బలహీనం కాబట్టి కొంత పైపొరకీ చేరుతుంది.

తోక సూత్రం అన్నిచోట్లా పనిచేయదని కూడా చార్టు మూలన రాసుకోండి. 1978లో రోడ్రిగ్స్-బూలాన్, సబాటినీ కుక్క మూత్రపిండ కణాల్లో చూసినప్పుడు ఫ్లూ వైరస్ కణం పైవైపు నుంచి, వీఎస్‌వీ అనే పశువుల వైరస్ అడుగు, పక్కల వైపు నుంచి బయటికొచ్చాయి. వీఎస్‌వీ ప్రొటీనుకి తోకలోని టైరోసిన్ దారి చూపిస్తే, ఫ్లూ వైరస్ హీమాగ్లుటినిన్ ప్రొటీనుకి పొరలో మునిగి ఉన్న భాగమే దారి చూపిస్తుంది.

చివరగా ఫ్లూ వైరస్‌దే ఇంకో పొర ప్రొటీను, న్యూరామినిడేజ్‌ని మీరే గీయండి. దాని ఎన్-చివర (ప్రొటీను గొలుసు మొదలయ్యే కొస) సైటోసాల్‌లో ఉంటుంది. ఎర్ర పెన్సిలు ఏ కొసకి పెట్టాలో పుస్తకం తెరవకుండా తేల్చుకోండి.