చీనా లిపి నేర్చుకోవడం చెవితో మొదలుపెట్టండి

సిక్కోలు, విజయనగరం నుంచి వైద్యవిద్యకు చైనా వెళ్ళాలనుకునేవాళ్ళు మొదటి రోజే అక్షరాలు దిద్దడానికి కూర్చోకండి. చీనా లిపి బొమ్మల లిపి కాదు, మాటను రాసే లిపే. ఒక్కో అక్షరం ఒక్కో పలుకును, మామూలుగా దానితోపాటు ఒక అర్థాన్ని పట్టుకుంటుంది. మాట నోటికి రాకముందే గీతలు నేర్చుకుంటే వారం తిరిగేసరికి జారిపోతాయి.

మొదటి రెండు వారాలు చెవికి, నోటికి ఇవ్వండి. 1958లో చైనా ఆమోదించిన పిన్‌యిన్ అనే రోమన్ రాత ఆధారం. మనవాళ్ళు పొరబడేది ఇక్కడే. అందులో 'బి' మన 'బ' కాదు, ఒత్తులేని 'ప'. 'పి' అంటే ఒత్తిన 'ప'. అలాగే 'జీ' అక్షరం 'క', 'కే' అక్షరం 'ఖ'. 'జెడ్' కనిపిస్తే 'చాప'లో పలికే చకారం. 'సి' అదే చకారం, గట్టి ఊపిరితో. ఈ తేడాలన్నీ మనకు తెలిసినవే, అది తెలుగువాళ్ళకు పెద్ద వరం. కాకపోతే మాటల్లో ఒత్తులు వదిలేస్తాం గనక నోటి ముందు అరచెయ్యి పెట్టి ఊపిరి తగులుతోందో లేదో చూసుకోండి.

చైనా అధికార భాష మాండరిన్‌లో స్వరాలు, అంటే పలుకులో గొంతు ఎత్తుపల్లాలు, నాలుగు. మొదటిది ఎత్తులో నిలకడగా సాగుతుంది. రెండోది ఆశ్చర్యంతో 'ఏటీ?' అన్నట్టు లేస్తుంది. మూడోది అడుక్కి దిగుతుంది. నాలుగోది 'పో!' అని కసిరినట్టు పడుతుంది. మూడో స్వరాలు రెండు పక్కపక్కన వస్తే ముందుది రెండో స్వరమవుతుంది. 'నీ హావ్' అనే పలకరింపులో జరిగేది అదే, రాతలో మాత్రం కనబడదు.

ఆ తర్వాత రోజుకు ఐదు అక్షరాలు చాలు. లెక్కల గళ్ళ పుస్తకంలో పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి, గట్టిగా పలుకుతూ రాయండి. విడి అక్షరంగా కాదు, మాటగా రాయండి. 'నడవడం' అర్థంలో 'శింగ్' అని చదివే అక్షరమే బ్యాంకు అనే 'యిన్‌హాంగ్'లో 'హాంగ్' అవుతుంది. ద్రాక్ష అనే 'ఫూథావ్'లో రెండక్షరాలూ కలిస్తేనే ద్రాక్ష, విడదీసి అర్థం వెతకడం వృథా. మాటల మధ్య ఖాళీ వదలరు కాబట్టి ఈ అలవాటు లేకపోతే వాక్యం ఎక్కడ విరవాలో తెలియదు.

ఎక్కువ అక్షరాలు రెండు ముక్కల కూర్పు: ఒకటి అర్థం చెబుతుంది, ఒకటి శబ్దం. 'ఛింగ్' అనే ముక్కకు ఎడమపక్క నీరు చేరిస్తే తేట, మాట చేరిస్తే దయచేసి, గుండె చేరిస్తే భావం, సూర్యుడు చేరిస్తే మబ్బులేని ఆకాశం. పలుకు అన్నిటికీ 'ఛింగ్', స్వరమే మారుతుంది. ఇలాంటి కుటుంబాలను ఒకే పేజీలో రాసుకోండి. అన్ని చోట్లా ఇంత బాగా కలవదు. నది అనే 'చ్యాంగ్'లో శబ్దపు ముక్క 'కుంగ్'. ఆ అక్షరం కట్టినప్పుడు రెండూ దగ్గరి శబ్దాలు. తర్వాత నోరు మారింది, గీత మారలేదు. అందుకే ముక్కను చూసి ఊహించండి, నిఘంటువు చూశాకే నమ్మండి.

'చీనావాళ్ళు ఎలా మాట్లాడినా ఒకేలా రాస్తారు' అన్నది సగమే నిజం. పలాస బడిపిల్ల ఇంట్లో 'ఏటి' అంటుంది, పరీక్షలో 'ఏమిటి' అని రాస్తుంది. హాంకాంగ్ పిల్లది ఇంకా పెద్ద దూరం: ఇంట్లో 'కాదు'కు 'మ్' అంటుంది, వ్యాసంలో మాండరిన్ వాళ్ళ 'పు' అక్షరం రాసి తన ఇంటి భాష కాంటనీస్‌లో 'పత్' అని చదువుతుంది.

పాత గ్రాంథిక చీనాతో అసలు మొదలుపెట్టకండి. పర్వతాలపేటలో పుట్టిన మన గిడుగు రామమూర్తి వాడుకభాష కోసం పోరాడిన కాలంలోనే చైనాలోనూ అదే పోరు నడిచింది. 1920లో చిన్న తరగతుల పాఠాలు వాడుకభాషలోకి మార్చమని ఉత్తర్వు వచ్చింది. మీకు కావలసింది ఆ భాష.

ఫోనులో పిన్‌యిన్ కొట్టి అక్షరం ఎంచుకుంటే గుర్తుపట్టడమే వస్తుంది, రాయడం పోతుంది. చైనావాళ్ళకే ఈ మరుపు ఉంది. కాబట్టి వారానికోసారి ఇరవై మాటలు రికార్డు పెట్టుకుని విని రాయండి. తప్పినవి మర్నాటి ఐదింటిలో ముందు చేర్చండి.