ఫ్యాన్ ఫిక్షన్ ఎక్స్ఛేంజ్‌ల జోడీలు ఎట్ల కుదిరినయంటే (నా అనుభవం)

నల్గొండ, మిర్యాలగూడ, పాలమూరు దోస్తులం కలిసి సైన్స్ ఫిక్షన్ల ఆడ పాత్రల మీదనే ఫ్యాన్ ఫిక్షన్ (సినిమాలు, సీరియళ్ల పాత్రల మీద అభిమానులు రాసే కథలు) ఎక్స్ఛేంజ్ పెట్టినం, అంటే నీకిష్టమైన పాత్ర నువ్వు అడుగుతవు, నీ కథ ఇంకొకరు రాస్తరు, నువ్వు వేరేవాళ్లకు రాస్తవు. జోడీలే కుదరలే. అందరికి 1979ల వచ్చిన ‘ఏలియన్’ సినిమాల ఉండే రిప్లీనే కావాలె, ఆమె అట్లాంటిది మరి! ఒక అక్క మాత్రం 1966 ‘స్టార్ ట్రెక్’ టీవీ సీరియల్‌ల ఉండే ఉహురాను అడిగింది, ఉహురా రాస్తా అన్నది ఒక్క తమ్ముడే, ఆయనేమో రిప్లీ అడిగినోళ్లకు జోడీ అయిపోయిండు.

అప్పుడు ఫారం మార్చినం. ఎవరైనా కనీసం మూడు పాత్రలు అడగాలె, నాలుగు రాస్తనని ఒప్పుకోవాలె. ఎక్సెల్‌ల అడిగినోళ్లను అడ్డం వరుసలల్ల, రాసేటోళ్లను నిలువు వరుసలల్ల పెట్టి, పాత్ర కలిసిన గడికల్లా పసుపు రంగు వేసిన, ఏ అడ్డం వరుసల ఒక్కటే పసుపు గడి ఉందో ఆ జోడీ ముందు ఖాయం, ఆ రాసేటోళ్ల నిలువు వరుస కొట్టేసుడు, మళ్ల మొదటి నుంచి చూసుడు. రిప్లీ ఆఖరుకు, ఎందుకంటే ఆమెకు రాసేటోళ్లకు కరువు లేదు. ఉహురా కమ్యూనికేషన్స్ ఆఫీసర్ కదా, తమ్ముడు కథంతా ఆమె ఇయర్‌పీస్‌ల వినే ఒక్క సిగ్నల్ మీదనే నడిపిండు, ఎంత మంచిగ రాసిండో!

గడువు బతుకమ్మ రోజులల్ల పెట్టొద్దు, పూలు పేర్చేటప్పుడు ఎవరు రాస్తరు? దసరా అయినంక పెట్టుండ్రి. నడుమల తప్పుకునేటోళ్ల కోసం ఇద్దరు ముగ్గురు రాసేటోళ్లను ముందే అడిగి ఉంచుకోండి.