పాత ఇంగ్లిష్ పద్యం అర్థం కావాలంటే ఓసారి విశాఖ ఆర్కే బీచ్‌కి పదండి

పాత ఇంగ్లిష్ పద్యం చేతికి రాగానే మనం చేసే మొదటి తప్పు థీమ్ ఏంటని వెతకడం. పక్కన పెన్సిల్‌తో ప్రేమ, సత్యం, శీలం అని రాసేసుకుని పేజీ తిప్పేస్తాం. అది మానేసి, పద్యంలో కంటికి కనబడే వస్తువు ఒక్కటి పట్టుకోండి.

1609లో అచ్చయిన షేక్‌స్పియర్ సానెట్లలో, అంటే పద్నాలుగు పాదాల పద్యాల్లో, 116వది చూడండి. ప్రేమంటే తుఫానుకీ చలించని గుర్తు, దారితప్పిన ప్రతి ‘బార్క్’కీ నక్షత్రం అంటాడు. డిగ్రీలో నేను బార్క్ అంటే చెట్టు బెరడనుకుని, బెరడుకి నక్షత్రమెందుకురా బాబూ అని తల పట్టుకుని, చివరికి గైడులో సమ్మరీ బట్టీపట్టి గట్టెక్కాను. తీరా చూస్తే అది ఓడ! ఆ గుర్తేమో ఓడలవాళ్లు దారి పోల్చుకునే ఆనవాలు. చీకటి పడ్డాక బీచ్‌లో నిలబడి డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు చూడండి, లైట్‌హౌస్ ఏ ఓడ వెంటా పరిగెత్తదు, ఉన్నచోటే ఉంటుంది. ఇప్పుడు మళ్లీ చదవండి, పైకి, పాదం చివర కాకుండా కామా ఉన్నచోట ఆగుతూ.

తెలిసిన మాటల దగ్గరే ఎక్కువ జాగ్రత్త. ఆ రోజుల్లో ‘ఫాండ్’ అంటే చాలాచోట్ల తెలివితక్కువ అని, ‘వాంట్’ అంటే లేకపోవడం అని. అందుకే కింద నోట్స్ ఉన్న పుస్తకమే కొనుక్కోండి.

ఒక పద్యాన్ని పట్టుకుని కవి నీతి చెప్పేశాడనుకోవద్దు, దానికి ఎదురు మాట్లాడేదాన్ని కూడా వెతకండి. 138వ సానెట్‌లో ప్రియురాలు తాను నిజాయితీగా ఉన్నానని ఒట్టేస్తుంది, అబద్ధమని తెలిసీ అతను నమ్ముతాడు, అలాగైతే తనని ఏమీ తెలియని కుర్రాడనుకుంటుందని, తన వయసు దాచుకోవాలి కదా మరి! ఇద్దరూ అబద్ధాలాడుకుని హాయిగా ఉంటారు. అదే కవి, అదే పుస్తకం. నాకైతే 116 కన్నా ఇదే నిజమైన కాపురంలా అనిపిస్తుంది.

షేక్‌స్పియర్ కాలంనాటి కవి జాన్ డన్ రాసిన మూడో సెటైర్‌లో (వ్యంగ్య పద్యంలో) సత్యం నిటారు కొండ మీద ఉంటుంది, చేరాలంటే చుట్టూ తిరిగి తిరిగి ఎక్కాలి. సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కినవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

1867లో వచ్చిన ఇంగ్లిష్ కవి మాథ్యూ ఆర్నాల్డ్ పద్యం ‘డోవర్ బీచ్’ని చివరికి ఉంచుకోండి. చీకట్లో ఎవరితో పోరాడుతున్నాయో తెలియని సైన్యాలతో ముగుస్తుంది గానీ, మొదలయ్యేది మాత్రం వెన్నెల్లో ప్రశాంతంగా ఉన్న సముద్రంతో, కాసేపటికే కెరటం గులకరాళ్లని లాగి విసిరే చప్పుడు వినిపిస్తుంది. మన బీచ్‌లో ఇసుకే కాబట్టి ఆ చప్పుడు యూట్యూబ్‌లో వినేసి, కిటికీ దగ్గరికి రమ్మని పద్యంలో మాట్లాడేవాడు ఎవరిని పిలుస్తున్నాడో చూసుకుంటూ మొదటి పాదం దగ్గర మొదలెట్టండి.