స్టిమ్యులేటర్ పెట్టినా కండరం కదలనప్పుడు

సమస్య: మిర్చి చేలలో గంటల తరబడి గొంతుక్కూర్చొని కలుపు తీసేవారిలో కొందరికి మోకాలి వెలుపలి వైపు కామన్ పెరోనియల్ నరం (పాదాన్ని పైకి లేపే కండరాలకు వెళ్లే నరం) నొక్కుకుపోయి పాదం వేలాడుతుంది. నర్సంపేట, పరకాల వైపు నుంచి హనుమకొండకు ఇలాంటివారు వస్తూనే ఉంటారు. వారి టిబియాలిస్ యాంటీరియర్ (పాదాన్ని పైకి లేపే, కాలి ముందువైపు కండరం) పై స్టిమ్యులేటర్ (కరెంటుతో కండరాన్ని కదిలించే యంత్రం) ప్యాడ్ పెట్టి, ఫారడిక్ కరెంటు (చిన్న చిన్న పల్స్‌లుగా వచ్చే కరెంటు) ఎంత పెంచినా ఒక్కోసారి పాదం లేవదు, మంట మాత్రం పెరుగుతుంది.

మొదటి తనిఖీ: అదే ప్యాడ్‌ను అదే అమరికతో బాగున్న కాలిపై పెట్టి చూడాలి. అర నిమిషం కూడా పట్టని ఈ పని మానేసి యంత్రాన్ని రిపేరుకు పంపేవారిని చూసి విసుగొస్తోంది. బాగున్న కాలు కూడా కదలకపోతే, మన మే నెల ఎండలకు కూలర్ గాలిలో ప్యాడ్ ఆరిపోయి ఉంటుంది, లేదా రోగి కాళ్లకు నూనె రాసుకొని వచ్చి ఉంటాడు. చర్మాన్ని సబ్బుతో కడిగి, ప్యాడ్‌ను తడిపితే చాలు. కాలు వాచి ఉంటే వాపు తగ్గాక చూడాలి.

అసలు కారణం: బాగున్న కాలు కదిలి, జబ్బు కాలు కదలకపోతే పల్స్ వ్యవధి, అంటే ఒక్కో పల్స్ ఎంతసేపు ఉంటుందో చూడాలి. నరం కొన నుంచి అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై, కండర పొర ఉత్తేజితమై, లోపల కాల్షియం వెలువడినప్పుడే కండరం ముడుచుకుంటుంది. 0.1 నుంచి 1 మిల్లీసెకను ఉండే ఫారడిక్ పల్స్ ఉత్తేజపరిచేది నరాన్నే కానీ కండరాన్ని కాదు. నరం క్షీణించిన కండరానికి అంత చిన్న పల్స్ చాలదు కనుక, కరెంటు పెంచిన కొద్దీ చర్మంలోని నొప్పి నరాలు, పక్కనున్న మంచి కండరాలు మాత్రమే స్పందిస్తాయి. ఆ పక్క కండరం కదలికనే స్పందనగా రాసుకోవడం తరచుగా జరిగే పొరపాటు.

ఇందులో మరో మెలిక ఉంది. తెగిన నరం కింది భాగం కూడా మొదటి కొన్ని రోజులు ఫారడిక్‌కు చురుకుగానే స్పందిస్తుంది. మూడో రోజు పాదం లేచిందని రోగికి ధైర్యం చెప్పి పంపితే, రెండో వారంలో అదే పాదం కదలక మన మాట పోతుంది. రెండు వారాలు దాటాక మళ్లీ పరీక్షించాలి. రోగి తనంతట తాను పాదం లేపలేకపోయినా అప్పుడు ఫారడిక్‌కు చురుకైన కదలిక వస్తే, నరం క్షీణించలేదని, నొక్కుకున్న చోట సంకేతం ఆగిందని అర్థం. ఇది మంచి సూచన.

పరిష్కారం: ఫారడిక్‌కు స్పందన లేకపోతే, ముందు చర్మానికి స్పర్శ ఉందో లేదో చూసుకొని, సుమారు 100 మిల్లీసెకన్ల ఇంటరప్టెడ్ గాల్వానిక్ పల్స్‌ను (ఆగి ఆగి వచ్చే, ఎక్కువసేపు ఉండే పల్స్) తగిన విరామాలతో ఇవ్వాలి. స్పర్శ లేని చోట ఈ కరెంటుతో చర్మం కాలినా రోగికి తెలియదు. నరం లేని కండరం వానపాములా నెమ్మదిగా ముడుచుకుంటుంది. అలా కనిపిస్తే కరెంటు పెంచడం ఆపి, న్యూరాలజిస్టుకు పంపాలి. నరం తిరిగి పెరిగేది రోజుకు దాదాపు 1 మిల్లీమీటరే కనుక నెలలు పడుతుందని రోగికి అప్పుడే చెప్పాలి. పల్స్ వ్యవధి, కరెంటు, కదలిక తీరు, జబ్బు మొదలై ఎన్ని రోజులైందీ కార్డులో రాయాలి.

అరుదైనవి: మొదట బాగా కదిలి క్రమంగా నీరసించే కండరమైతే మయస్థీనియాను (నరం సంకేతం కండరానికి సరిగా అందక కండరం త్వరగా అలసిపోయే జబ్బు) అనుమానించవచ్చు. రెండు కాళ్లూ ఒక్కసారిగా చచ్చుబడితే రక్తంలో పొటాషియం పడిపోయి ఉండవచ్చు. స్టిమ్యులేటర్ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి పంపాలి.