పాత డెస్క్‌టాప్ మూత విప్పే ముందు జాగ్రత్తలు

ర్యామ్ పెంచాలన్నా, హార్డ్‌డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ పెట్టాలన్నా, స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఇవి చూసుకోండి.

• అన్నిటికంటే ముందు మీ ఫైళ్లు. పిల్లల ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు, ట్యాలీ డేటా వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి. కాపీ అయిందని వదిలేయకుండా నాలుగైదు ఫైళ్లు అక్కడే తెరిచి చూడండి. హార్డ్‌డిస్క్ టక్‌టక్‌మంటుంటే డీఫ్రాగ్ (డిస్క్‌లో చెల్లాచెదురైన ఫైళ్లను సర్దే పని) జోలికి అసలు పోవద్దు. ఆ డిస్క్ ఎప్పుడైనా పోవచ్చు, దానికి పని పెంచకండి.

• స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్గు పీకేయండి. యూపీఎస్ నుంచి కూడా. తర్వాత పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పవర్ సప్లై) డబ్బా మాత్రం విప్పనే విప్పొద్దు. ప్లగ్గు తీశాక కూడా అందులోని కెపాసిటర్లు ప్రాణం మీదికి తెచ్చేంత షాక్ కొట్టగలవు.

• వైర్లు ఊడదీసే ముందు ఫోన్‌తో ఫొటో. పవర్ బటన్ నుంచి మదర్‌బోర్డుకు వచ్చే సన్నని వైర్లను మరీ దగ్గరగా ఫొటో తీయండి, తిరిగి పెట్టేటప్పుడు తికమకపెట్టేవి అవే.

• డీడీఆర్3, డీడీఆర్4 అనేవి ర్యామ్ రకాలు. డీడీఆర్3 స్లాట్‌లో డీడీఆర్4 ర్యామ్ పట్టదు, రెండింటికీ గాడి ఒకేచోట ఉండదు. కొనేముందే చూసుకోండి. పెట్టేటప్పుడు ఒంట్లోని స్టాటిక్ పోయేలా కేబినెట్ ఇనుమును ఒకసారి తాకండి.

• బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో ఆపండి. తడిగుడ్డ వద్దు.

• తేదీ, టైమ్ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్2032 బటన్ సెల్ ఒకటి తెచ్చి ఉంచుకోండి. పాతది తీసే ముందు బయాస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) సెట్టింగులు ఫొటో తీసుకోండి.