రీడింగ్ ఛాలెంజ్‌లో చేరేముందు: రూల్స్ ఎలా చదవాలి, పాయింట్లు ఎలా లెక్కపడతాయి

రీడింగ్ ఛాలెంజ్ అంటే చదివిన పుస్తకాలని నమోదు చేసుకుంటూ లక్ష్యాన్నో పాయింట్లనో అందుకునే పోటీ. ఏడాది పొడుగునా సాగే ఆన్‌లైన్ రీడింగ్ ఛాలెంజ్‌లు చాలావరకు జనవరి ఒకటిన మొదలవుతాయి. విజయవాడలో పుస్తక మహోత్సవం జరిగేదీ ఆ రోజుల్లోనే. స్టాళ్లన్నీ తిరిగి సంచీ నిండా కొనుక్కొచ్చి, ఆ ఊపులోనే ఛాలెంజ్‌కి పేరిచ్చేసి, రూల్స్ మాత్రం మార్చిలో పాయింట్లు కోత పడ్డాక తీరిగ్గా చదివేవాళ్లు ఎక్కువ. రూల్స్ పేజీ ముందు చదవండి, ఏ పుస్తకం ఎప్పుడు చదవాలో తర్వాత తేల్చుకోండి. పుస్తకం అదే, చదివేవాళ్లు వాళ్లే అయినా లెక్క మారితే స్కోరు సగానికి సగం తేడా వస్తుంది.

రూల్స్ తెరవగానే చూడాల్సింది దేన్ని లెక్కపెడుతున్నారన్నది. కొన్ని ఛాలెంజ్‌లు పుస్తకాల సంఖ్యే చూస్తాయి. చదివిన పుస్తకాలు నమోదు చేసుకునే సైట్ గుడ్‌రీడ్స్ పెట్టే వార్షిక ఛాలెంజ్ ఇలాంటిదే: ఏడాదికి ఇన్ని అని లక్ష్యం పెట్టుకుంటారు, ఆ ఏడాదిలో పూర్తి చేసినట్టు తేదీ వేసిన ప్రతి పుస్తకం ఒకటిగా పడుతుంది. అలాంటిదే మరో సైట్ స్టోరీగ్రాఫ్‌లో పుస్తకాలతో పాటు పేజీలకీ, ఆడియో గంటలకీ కూడా లక్ష్యం పెట్టుకోవచ్చు. ఇక గ్రూపులు సొంతంగా నడిపే ఛాలెంజ్‌ల్లో పాయింట్ల పట్టిక ఉంటుంది, లేదా బింగో కార్డు (గడికో అంశం, దానికి సరిపోయే పుస్తకంతో గడి నింపుతూ వరసలు పూర్తి చేసే ఆట) ఉంటుంది. అసలు తికమకంతా ఈ రెండిట్లోనే.

పాయింట్ల పట్టికని చదవడం

మామూలుగా కనిపించే తరహా పట్టిక ఒకటి తీసుకుందాం. ప్రతి వంద పేజీలకి 10 పాయింట్లు. పుస్తకం పూర్తి చేస్తే 20. కనీసం 150 మాటల సమీక్ష రాస్తే 10. ఆ నెల ఇచ్చిన అంశానికి సరిపోతే 15. పుస్తకం 500 పేజీలు దాటితే అదనంగా 25. అంకెలు ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటాయి, అల్లిక మాత్రం దాదాపు ఇదే.

312 పేజీల నవల చదివి, సమీక్ష రాసి, అది ఆ నెల అంశానికి సరిపోయిందనుకోండి. పేజీలకి 30, పూర్తి చేసినందుకు 20, సమీక్షకి 10, అంశానికి 15, మొత్తం 75. చివరి 12 పేజీలకి ఏమీ రాదు, ఎందుకంటే నిండు వందలే లెక్క.

ఇప్పుడు 570 పేజీల నవల ఒకటి, 190 పేజీల నవలలు మూడు పక్కపక్కన పెట్టండి. పేజీలు రెండు వైపులా సమానమే. పెద్ద నవలకి 50, 20, 10, 15, పైన 25 కలిపి 120. చిన్న నవలకి ఒక్కోదానికి 10, 20, 10, 15 కలిపి 55, మూడింటికి 165. ప్రతి చిన్న నవలలోనూ 90 పేజీలు గాలికి పోయినా అవే గెలిచాయి. పూర్తి చేసినందుకూ, సమీక్షకూ, అంశానికీ వచ్చే పాయింట్లు పుస్తకానికొకసారి పడతాయి కదా, అదీ కారణం.

అయితే నెలకి ఒక్క పుస్తకానికే అంశం పాయింట్లు అని రూలుంటే చిన్నవాటి మొత్తం 135కి దిగుతుంది. సమీక్షలు కూడా రాయకపోతే 105. సమీక్ష లేని పెద్ద నవలకి 110. అంటే ఈ రూలున్న పట్టికలో సమీక్షలు రాసే అలవాటున్నవాళ్లకి సన్నపాటి పుస్తకాలు కలిసొస్తాయి, రాయని వాళ్లకి లావు పుస్తకమే మేలు. ఇలాంటి లెక్క చేరకముందే ఒక కాగితం మీద వేసుకోవాలి. పది నిమిషాల పని.

పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉండే రెండు విషయాలు వెతకండి. వందల లెక్క ఏ పుస్తకానికా పుస్తకమా, లేక నెలాఖరుకి మొత్తం పేజీలు కలిపా? కలిపి లెక్కిస్తే పైన చెప్పిన మూడు నవలలకీ పేజీల కింద 30 కాదు, 50 వస్తాయి. రెండోది, 'డబుల్ వారం' అన్నప్పుడు ఏది రెట్టింపు? పేజీల పాయింట్లే రెట్టిస్తే మన 75 కాస్తా 105 అవుతుంది. మొత్తం రెట్టిస్తే 150. నలభై అయిదు పాయింట్ల తేడా ఒక్క వాక్యం మీద ఆధారపడి ఉంది. ఆ వాక్యం రూల్స్‌లో లేకపోతే మొదటి వారంలోనే నిర్వాహకులని అడిగి, జవాబుని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి.

ఒక పుస్తకం అంటే ఏది?

తెలుగు పుస్తకాలతో చేరేవాళ్లకి ఎక్కువ పేచీలు ఇక్కడే వస్తాయి. 'బారిస్టర్ పార్వతీశం' మూడు భాగాలు. విడివిడిగానూ దొరుకుతుంది, ఒకే సంపుటంగానూ దొరుకుతుంది. మరి ఒకటా, మూడా? చాలా చోట్ల పాటించే పద్ధతి: చేతిలో ఉన్న అట్టకి అట్ట ఒక పుస్తకం. విడి భాగాలు చదివితే మూడు, సంపుటం చదివితే ఒకటి. రెండూ చూపించి నాలుగు అనడం కుదరదు. పుస్తకాల సంఖ్య లెక్కపెట్టే ఛాలెంజ్ అయితే విడి భాగాలు తెచ్చుకోండి, 500 పేజీల బోనస్ ఉన్నదైతే సంపుటం తెచ్చుకుని వెనక పేజీ సంఖ్య చూడండి.

కథల సంపుటిలో నాలుగు కథలు చదివి పుస్తకం పూర్తయిందని రాస్తే ఒప్పుకోరు. సగంలో వదిలేసిన పుస్తకానికి కొన్ని ఛాలెంజ్‌ల్లో చదివినంత మేరకి పేజీల పాయింట్లు ఇస్తారు, పూర్తి చేసినందుకు ఇచ్చేవి రావు. కనీసం ఇన్ని పేజీలుండాలన్న హద్దు చాలాచోట్ల ఉంటుంది. నూరు పేజీల్లోపు కవితా సంపుటాలు, నాటికలు ఎక్కువగా చదివేవాళ్లు ఈ హద్దు ముందే చూసుకోకపోతే మంచి పుస్తకాలన్నీ లెక్కలోకి రాకుండా పోతాయి. చదివిన పుస్తకమే మళ్లీ చదివితే ఒప్పుకుంటారో లేదో కూడా చూడండి. ఒప్పుకుంటే గుడ్‌రీడ్స్‌లో పాత తేదీ చెరపకుండా రెండో పఠనానికి వేరే తేదీలు వేసే వీలుంది. పాత తేదీ మార్చేస్తే కిందటేడు లెక్కలో ఒకటి తగ్గిపోతుంది.

పేజీల సంఖ్య ఎక్కడ చూడాలి?

పాత తెలుగు పుస్తకాల్లో ముందుమాటలకి వేరే అంకెలుంటాయి, నవల మళ్లీ ఒకటో పేజీతో మొదలవుతుంది. నిర్వాహకులు వేరేగా చెప్పకపోతే అసలు రచనలో అంకె వేసిన ఆఖరి పేజీయే ప్రమాణం. వెనక ఉన్న ప్రచురణల జాబితా, ప్రకటనలు కలపకూడదు.

పేజీ అన్నది నమ్మదగిన కొలతేమీ కాదు. పేజీకి 30 లైన్లు, లైనుకి 7 మాటలు ఉంటే 210 మాటలు, 250 పేజీల నవల 52,500 మాటలు. అదే నవలని చిన్న సైజులో, 24 లైన్లు, లైనుకి 6 మాటల చొప్పున వేస్తే పేజీకి 144 మాటలే, పుస్తకం 365 పేజీలవుతుంది. రచన ఒకటే, పేజీల పాయింట్లు ఒకచోట 20, ఇంకోచోట 30. అందుకే స్కోరు షీట్‌లో ఏ ముద్రణ చదివారో రాయమంటారు. విజయవాడ ఏలూరు రోడ్డులో కొన్న కొత్త ముద్రణ చదివి, సైట్‌లో కనిపించిన పాత ముద్రణ పేజీలు వేస్తే తనిఖీలో దొరికిపోతుంది, కావాలని చేయకపోయినా సరే.

ఈ-బుక్‌లో అక్షరాల సైజు పెంచితే తెరల సంఖ్య పెరుగుతుంది. దాన్ని పేజీల కింద రాయకండి. అచ్చు ప్రతి పేజీల సంఖ్య తీసుకుని, శాతం ప్రకారం లెక్కేయాలి: 240 పేజీల పుస్తకంలో 35 శాతం అంటే 84 పేజీలు. ఆడియో బుక్‌కి అసలు నిడివినే తీసుకుంటారు. 9 గంటల పుస్తకాన్ని ఒకటిన్నర వేగంతో వింటే 6 గంటల్లో అయిపోతుంది, అయినా 9 గంటలే రాయాలి. రోజూ గుంటూరు నుంచి విజయవాడకి బస్సులో వచ్చిపోయేవాళ్లకి ఆడియో విభాగం నిజంగా అక్కరకొస్తుంది. అదే పుస్తకాన్ని కొంత చదివి కొంత వింటే మాత్రం ఏదో ఒక పద్దు కిందే వెయ్యాలి.

అంశాలు, ఇంటిపేర్ల చిక్కు

'ఇంటిపేరు వి అక్షరంతో మొదలయ్యే రచయిత' లాంటి అంశాలు బయటి దేశాల ఛాలెంజ్‌ల్లో మామూలే. వాళ్లు పేరులో ఆఖరి మాటని ఇంటిపేరనుకుంటారు. మన దగ్గర ఇంటిపేరు ముందుంటుంది. విశ్వనాథ సత్యనారాయణ గారి ఇంటిపేరు విశ్వనాథ. సైట్ మాత్రం సత్యనారాయణని పట్టుకుని ఎస్ కింద పెడుతుంది. మీ సమర్పణతో పాటు 'తెలుగు పేర్లలో ఇంటిపేరు మొదట వస్తుంది' అని ఒక లైను రాయండి. చాలామంది నిర్వాహకులు ఒప్పుకుంటారు. ఈ ఒక్క లైను రాయడం మానేసి వేరే పుస్తకం వెతుక్కోనక్కర్లేదు.

కలం పేర్లదీ ఇదే తంతు. చాసో అంటే చాగంటి సోమయాజులు. అట్ట మీద ఉన్న పేరుతో పోటీకి పెట్టండి, ఒకే అంశానికి అసలు పేరుతో ఒకసారి, కలం పేరుతో ఒకసారి వాడకండి.

'వందేళ్లు దాటిన పుస్తకం' అన్న అంశానికి మొదటి ముద్రణ సంవత్సరం కావాలి, చేతిలోని ముద్రణది కాదు. 'కన్యాశుల్కం' తొలి కూర్పు 1897లో, బాగా పెంచి తిరగరాసినది 1909లో వచ్చింది. అచ్చులో ఎక్కువగా దొరికేది రెండోది. ఏ కూర్పు చదివారో అది మొదట వచ్చిన ఏడాదే రాయండి. మొదటి ముద్రణ వివరం సాధారణంగా లోపలి అట్ట తర్వాతి పేజీలో ఉంటుంది. ఆ పేజీ ఫోటో తీసి పెట్టుకోండి. విజయవాడ రామమోహన గ్రంథాలయం లాంటి చోట చదివి వెనక్కిచ్చే పుస్తకమైతే ఇది మరీ ముఖ్యం, తర్వాత అడిగితే చూపించడానికి మీ చేతిలో పుస్తకం ఉండదు.

బింగో కార్డు

అయిదు అడ్డం, అయిదు నిలువు, మొత్తం 25 గడులు. నడిమి గడి చాలాసార్లు ఉచితం. వరసలు 12: అడ్డంగా 5, నిలువుగా 5, మూలకి మూల 2. గడులన్నీ ఒకే విలువైనవి కావు. నడిమి గడి 4 వరసల్లో ఉంటుంది. మూలకి మూల గీతల మీద మిగిలిన 8 గడులు ఒక్కోటి 3 వరసల్లో, తక్కిన 16 గడులు రెండేసి వరసల్లో ఉంటాయి. కాబట్టి ముందు ఆ 8 గడుల అంశాలకి పుస్తకాలు చూసుకోండి.

మూడు వరసలు కావాలంటే నడిమి గడి గుండా వెళ్లే మూడింటిని పూర్తి చేయడం అందరికీ తట్టే దారి. దానికి 12 పుస్తకాలు పడతాయి. పై అడ్డ వరస, ఎడమ నిలువు వరస, వాటి కొసల్ని కలిపే మూల గీత తీసుకోండి. ముక్కోణం ఆకారం వస్తుంది. మూడు మూలల్లోని గడులు రెండేసి వరసలకి పనికొస్తాయి, నడిమిది ఉచితం, కాబట్టి 11 పుస్తకాలతో అయిపోతుంది. ఒక పుస్తకాన్ని రెండు గడుల్లో వాడుకోవచ్చంటే ఇంకా తగ్గుతాయి. చాలా కార్డుల్లో మాత్రం పుస్తకానికి ఒకటే గడి. ఒకసారి పెట్టాక గడి మార్చుకోవచ్చా అన్నది అడిగి తెలుసుకోండి, మార్చుకునే వీలుంటే డిసెంబరులో చాలా గట్టెక్కుతారు.

తేదీ, గంట

'ఈ వ్యవధిలో పూర్తి చేసినవి' అంటే ముందే మొదలుపెట్టిన పుస్తకం కూడా చెల్లుతుంది. 'ఈ వ్యవధిలో మొదలుపెట్టి పూర్తి చేసినవి' అంటే చెల్లదు. చిన్న తేడాలా కనిపిస్తుంది, డిసెంబరులో సగం చదివి ఆపిన పుస్తకాల గతి దీని మీదే ఉంటుంది.

అర్ధరాత్రి అన్నప్పుడు ఎవరి అర్ధరాత్రో చూడండి. యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం డిసెంబరు 31 అర్ధరాత్రి అంటే మనకి జనవరి 1 ఉదయం 5.30. న్యూయార్క్ సమయం ప్రకారమైతే చలికాలంలో ఉదయం 10.30, వేసవిలో 9.30. మన టైము ప్రకారం గడువు అయిపోయిందనుకుని ఆఖరి పుస్తకాన్ని పక్కన పెట్టేసేవాళ్లు ఆ గంటలన్నీ వదులుకుంటున్నట్టే. మొదలులోనూ అంతే, వాళ్ల జనవరి ఒకటి రాకముందే మనం మొదలుపెడితే అవి లెక్కలోకి రాకపోవచ్చు. అమెరికా ఫారాల్లో నెల ముందు, తారీఖు తర్వాత. 03/04 అని వేస్తే ఏప్రిల్ మూడు కాస్తా మార్చి నాలుగవుతుంది, పుస్తకం వేరే నెల అంశం కింద పడిపోతుంది. నెల పేరు అక్షరాల్లో రాయండి.

లెక్క రాసి పెట్టుకోవడం

సైట్ మీద భారం వెయ్యకుండా సొంతంగా ఒక షీట్ ఉంచుకోండి. ఒక వరస ఇలా ఉంటే చాలు: పుస్తకం పేరు తెలుగులోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ, రచయిత, ప్రచురణ సంస్థ, ముద్రణ ఏడాది, ఆఖరి పేజీ 312, మొదలు ఫిబ్రవరి 3, పూర్తి ఫిబ్రవరి 11, అంశం, సమీక్ష 164 మాటలు, పాయింట్లు 30+20+10+15=75. మొత్తం ఒక్కటే కాకుండా విడగొట్టి రాస్తే ఎక్కడ తేడా వచ్చిందో వెంటనే తెలుస్తుంది.

సైట్‌లో వెతికితే పుస్తకం కనిపించకపోతే తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు రకాలుగా వెతకండి. ఇంటిపేరు ముందూ వెనకా చేసి చూడండి. భారతీయ పుస్తకాల ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు నంబరు) 978-81 లేదా 978-93తో మొదలవుతుంది, దాంతో వెతికితే ముద్రణ సరిగ్గా దొరుకుతుంది. పాత పుస్తకాలకి ఆ నంబరే ఉండదు. అప్పుడు అట్ట ఫోటో, ప్రచురణ వివరాలతో మీరే చేర్చండి. దొరకలేదని తెలుగు పుస్తకాన్ని వదిలేసి సులువుగా కనిపించే ఇంగ్లీషు పుస్తకానికి మారిపోకండి. ఒకరు చేర్చిన వివరం తర్వాత చదివే ప్రతివాళ్లకీ పనికొస్తుంది.

స్కోరు బోర్డు మారిన రోజునే మీ షీట్‌తో పోల్చండి. అభ్యంతరం చెప్పడానికి గడువు ఉంటే అది ఎన్ని రోజులో మొదటే రాసి పెట్టుకోండి. అడిగేటప్పుడు 'నా పాయింట్లు తగ్గాయి' అనకుండా, ఏ పుస్తకం, ఏ రూలు, మీ లెక్క ఎంత, బోర్డులో ఎంత అని నాలుగూ ఒకే సందేశంలో పెట్టి, టైటిల్ పేజీ ఫోటో, ఆఖరి పేజీ ఫోటో జత చేయండి.