క్రీడా వైద్య పరిశోధన పత్రాలను చదవడం – 3వ పాఠం: హారం చూడకుండా తేడా చెప్పవద్దు

గత పాఠంలో ఒక అధ్యయనంలో స్త్రీలు ఎందరు, పురుషులు ఎందరు అన్నది మొదటి పట్టికలో వెతికి పట్టుకోవడం నేర్చుకున్నాం. ఈ పాఠంలో గాయాల లెక్కలు చూద్దాం.

అమెరికా కళాశాల క్రీడాకారుల గురించి 1989 నుంచి 1993 వరకు సేకరించిన వివరాలతో 1995లో ఒక అధ్యయనం వెలువడింది. అందులో పరిశీలించినది మోకాలి లోపల ఎముకలను కలిపి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ (పట్టీ) తెగడం. పరుగులో ఉన్నట్టుండి ఆగి పక్కకు తిరిగినప్పుడో, ఎగిరి దిగినప్పుడో అది తెగుతుంది. గాయపడినవారి సంఖ్యను మాత్రమే లెక్కిస్తే ఎక్కువమంది ఆడే జట్టులోనే గాయాలు ఎక్కువగా కనిపిస్తాయి. అందుకే ఒక క్రీడాకారిణి గానీ క్రీడాకారుడు గానీ ఒక ఆటలోనో ఒక సాధనలోనో పాల్గొనడాన్ని ఒక ఎక్స్‌పోజర్‌గా తీసుకుని, వెయ్యి ఎక్స్‌పోజర్లకు ఎన్ని గాయాలో లెక్క కట్టారు; ఈ రేటులో ఎక్స్‌పోజర్ల సంఖ్యే హారం, అంటే భాగించే సంఖ్య. సాకర్‌లో స్త్రీలకు 0.31, పురుషులకు 0.13, బాస్కెట్‌బాల్‌లో 0.29, 0.07. భాగించి చూడండి: మొదటిది సుమారు 2.4 రెట్లు, రెండవది 4 రెట్లకు పైనే.

ఇక్కడే చాలామంది తొందరపడి ‘ఆడవారి శరీర నిర్మాణమే అంత’ అని తేల్చేస్తారు. రేటు తేడా ఉందని చెబుతుందే తప్ప కారణం చెప్పదు. ఎగిరి దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలకుండా నేర్పే శిక్షణతో క్రీడాకారిణులలో ఈ గాయాలు తగ్గుతున్నాయంటే, ఆ తేడాలో కొంతైనా ఎముకల్లో రాసిపెట్టి లేదన్నమాట. ఎన్నేళ్ల నుంచి సాధన చేస్తున్నారు, బరువులెత్తే గది అందుబాటులో ఉందా అన్నవి కూడా పత్రంలో వెతకండి; తరచుగా అవి కనిపించవు.

మరో పొరపాటు. 200 మంది పురుషులలో చికిత్స ఫలితం స్పష్టంగా తేలి, 20 మంది స్త్రీలలో తేలకపోతే, ‘స్త్రీలకు పనిచేయదు’ అని రాసేస్తారు. ఇరవై మందితో ఏదీ తేలకపోవడంలో వింత లేదు. రెండు వర్గాల ఫలితాలను నేరుగా పోల్చే ఇంటరాక్షన్ పరీక్ష చేశారా అన్నదే అడగవలసిన ప్రశ్న.

అభ్యాసం: 20 మంది మహిళల జట్టు 100 రోజులు ఆడగా ఒక గాయం; 30 మంది పురుషుల జట్టు 200 రోజులు ఆడగా రెండు గాయాలు. వెయ్యి ఎక్స్‌పోజర్లకు రేట్లు కట్టండి. ఆపైన మహిళల జట్టులో ఇంకొక్క గాయం కలిపి, మళ్లీ కట్టి చూడండి.